కొత్త చేపలను నేరుగా ట్యాంకులో వదలొచ్చా? క్వారంటైన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక డిసెంబరులో నాలుగు క్లౌన్ లోచ్‌లు కొని తెచ్చి, అదే సాయంత్రం మా నాలుగడుగుల ట్యాంకులో వదిలేశాను. దుకాణంలో అవి చక్కగా తిరుగుతున్నాయి, మేత కూడా తింటున్నాయి. ఐదో రోజుకి వాటి ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించాయి. పదో రోజు దాటేసరికి ఆ లోచ్‌లతో పాటు, నాలుగేళ్ళుగా మా ఇంట్లో పెరిగి రెండుసార్లు గుడ్లు పెట్టిన ఏంజెల్ చేపల జంట కూడా పోయింది. కొత్తవి పోయినందుకు కంటే ఆ పాత జంట పోయినందుకే ఎక్కువ బాధపడ్డాను. అవి ఉన్న చోట అవి హాయిగా ఉన్నాయి, జబ్బును వాటి దగ్గరికి తెచ్చింది నేను.

అప్పటి నుంచి మా ఇంటికి వచ్చే ప్రతి చేపా ముందు వెనక గదిలోని టబ్బులోనే దిగుతుంది. చేపలు పెంచే స్నేహితులు, వాళ్ళ పిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఎక్కువగా మంచినీటి చేపల సంగతే. సముద్రపు చేపల గురించి ఒక్క ప్రశ్న ఉంది.

దుకాణంలో హుషారుగా ఉన్న చేపనే ఏరి తెచ్చాను. అయినా విడిగా పెట్టాలా?

పెట్టాలి. మన ఊళ్ళ దుకాణాలకు వచ్చే రంగు చేపల్లో చాలా భాగం చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో వస్తాయి. కొన్ని బ్యాంకాక్, సింగపూర్‌ల నుంచి విమానంలో దిగుతాయి. పెంచిన తొట్టి నుంచి టోకు వ్యాపారికి, అక్కడి నుంచి ఆక్సిజన్ నింపిన కవర్లో పార్సిల్‌గా దుకాణానికి, దుకాణం నుంచి మన చేతికి. ఇలా కొద్ది రోజుల్లోనే మూడు నాలుగు రకాల నీళ్ళు మారిన చేప అది. ప్రతి మజిలీలోనూ ఎక్కడెక్కడివో చేపలతో కలిసి ఉంటుంది. పైగా చాలా దుకాణాల్లో వరుస తొట్లన్నిటికీ కలిపి ఒకే ఫిల్టరు, ఒకే వల. ఒక తొట్టిలో జబ్బు ఉంటే అన్ని తొట్లకూ దారి ఉన్నట్టే.

జబ్బు ఒంట్లో ఉన్నంత మాత్రాన చేప వెంటనే నలతగా కనిపించదు. తెల్ల చుక్కల జబ్బు తరచుగా ముందు మొప్పల్లో మొదలవుతుంది, అక్కడ మన కంటికి ఆనదు. ప్రయాణపు అలసటతో ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గాక, మన ఇంటికి వచ్చిన మూడో రోజో పదో రోజో బయటపడుతుంది. ఆ బయటపడే రోజున ఆ చేప మన పాత చేపల మధ్య ఉండకూడదు. విడిగా ఉంచమనేది అందుకే.

ఎన్ని రోజులు ఉంచాలి?

నేను నాలుగు వారాలు ఉంచుతాను. క్వారంటైన్ అనే మాట వెనిస్ వాళ్ళ భాషలో ‘నలభై రోజులు’ అన్న మాట నుంచి పుట్టింది. ఓడలను అన్నాళ్ళు రేవు బయటే ఆపేవాళ్ళు. మనకు అంత అక్కర్లేదు గానీ, చాలామంది చెప్పే వారం రోజులు మాత్రం చాలవు.

నీళ్ళు 24–26 డిగ్రీల్లో ఉంటే తెల్ల చుక్కల పరాన్నజీవి జీవితచక్రం పూర్తవడానికి సుమారు వారం పడుతుంది. మొదటి విడతలో రెండు మూడు చుక్కలే ఉంటాయి, వాటిని గమనించలేం. రెండో విడతలో, మూడో విడతలో కంటికి కనిపిస్తాయి. మొప్పల పురుగుల్లో గుడ్లు పెట్టే రకాలు ఉన్నాయి, ఆ గుడ్లు పొదిగి పిల్లలు ఎదగాలి. పేగుల్లో ఉండే కెమల్లానస్ పురుగు ఆసనం దగ్గర బయటికి కనబడటానికి వారాలే పడుతుంది. ఇవన్నీ ఒక్కసారైనా తల బయటపెట్టే వ్యవధి నాలుగు వారాలు.

చలికాలంలో హీటర్ లేకుండా ఉంచితే ఈ లెక్క ఇంకా పొడవవుతుంది. నీళ్ళు 20 డిగ్రీలకు పడితే పరాన్నజీవి చక్రమూ నెమ్మదిస్తుంది కాబట్టి నాలుగు వారాలు నిండాయని ధీమాగా ఉండలేం. మధ్యలో ఇంకో చేపను అదే టబ్బులో వేస్తే లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి. మందు వేయాల్సి వస్తే, చివరి లక్షణం పోయి మందు ఆపిన రోజే ఒకటో రోజు.

దానికి ఇంకో అక్వేరియం కొనాలా?

అక్కర్లేదు. 40 నుంచి 60 లీటర్లు పట్టే ప్లాస్టిక్ టబ్బు చాలు. సబ్బు, సర్ఫు ఎన్నడూ తగలనిది అయి ఉండాలి, అంతే. పాత రెండడుగుల గాజు ట్యాంకు మూలన పడి ఉంటే ఇంకా మంచిది. టబ్బులో చేపను పైనుంచే చూడగలం, గాజులో పక్కనుంచి చూస్తాం. పొట్ట, మొప్పలు, ఆసనం చూడాలంటే పక్కచూపే కావాలి. టబ్బు వాడేవాళ్ళు రెండు మూడు రోజులకోసారి చేపను పారదర్శకమైన డబ్బాలోకి తీసి చూసి మళ్ళీ వదలొచ్చు.

ఇసుక, గులకరాళ్ళు వేయకండి. పరాన్నజీవి అడుగున వాటి మధ్యే దాక్కుంటుంది. చేప మలం ఏ రంగులో ఉందో కనిపించదు. కొన్ని మందులను కూడా అవి పీల్చేసుకుంటాయి. దాక్కోవడానికి మాత్రం చోటు ఇవ్వాలి. రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలు, అడ్డంగా పెట్టిన చిన్న మట్టికుండీ సరిపోతాయి. దాక్కునే చోటు ఉన్న చేప తొందరగా కుదుటపడి బయటికి వస్తుంది. లేని చేప మూలకు నక్కి నిలబడిపోతుంది. పైన వల మూత తప్పనిసరి, కొత్త చోట చేపలు ఎగిరి దూకుతాయి.

టబ్బు పెట్టే గదిలో దోమల మందు వాడకండి. కాయిల్, గోడకు పెట్టే లిక్విడ్, స్ప్రే, వీటన్నిటిలో ఎక్కువగా ఉండేది పైరెథ్రాయిడ్ రకం మందే. మనుషులకు పెద్దగా హాని చేయని ఆ మందు చేపలకు చాలా తీవ్రమైన విషం. ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్ళలోకి కొడుతుంది. రాత్రి బాగున్న చేపలు పొద్దున్నే తేలాయంటే నేను మొదట అడిగే ప్రశ్న ఇదే.

టబ్బు నింపేటప్పుడు కొలిచిన బకెట్‌తో పోసి, ప్రతి 10 లీటర్లకు పక్కన మార్కర్‌తో గీత పెట్టుకోండి. తర్వాత మందో ఉప్పో వేయాల్సి వచ్చినప్పుడు అంచనాలతో పని ఉండదు.

టబ్బులో పెట్టిన మూడో రోజుకే చేపలు చనిపోయాయి. క్వారంటైన్ వల్లే కదా?

ఈ మాట చాలామంది దగ్గర విన్నాను. క్వారంటైన్ మీద నమ్మకం పోవడానికి అసలు కారణమూ ఇదే. కాబట్టి దీని గురించి వివరంగానే చెప్తాను.

ఇలా మూడు నాలుగు రోజుల్లో పోయే చేపల్లో చాలావాటిని చంపేది జబ్బు కాదు, అమ్మోనియా. చేప మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా నిత్యం వస్తూనే ఉంటుంది. మీ పెద్ద ట్యాంకులో ఫిల్టర్ స్పాంజిని పట్టుకుని ఉన్న బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈరోజే నీళ్ళు పోసిన టబ్బులో ఆ బ్యాక్టీరియా లేదు. అది సొంతంగా పెరగాలంటే మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మన ప్రాంతపు బోరు నీళ్ళతో ఇంకో చిక్కు. చాలాచోట్ల ఆ నీళ్ళు గట్టివి, నీళ్ళ ఆమ్ల క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ అంకె ఎనిమిది దగ్గర ఉంటుంది. అమ్మోనియాలో విషపు రూపం పీహెచ్ పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఒక అంకె పెరిగితే సుమారు పది రెట్లు. వేడి పెరిగినా పెరుగుతుంది. అంటే మే నెలలో బోరు నీళ్ళ టబ్బులో, మెత్తటి నీళ్ళలో పెద్దగా బాధించని అమ్మోనియా కూడా చేపను చంపగలదు.

పరిష్కారం చవకైనదే. వంద రూపాయల ప్రాంతంలో దొరికే చిన్న స్పాంజ్ ఫిల్టర్ ఒకటి కొని, మీ పెద్ద ట్యాంకులో ఒక మూల ఎప్పుడూ నడుస్తూ ఉండనివ్వండి. నెల తిరిగేసరికి దాన్ని బ్యాక్టీరియా పట్టుకుంటుంది. కొత్త చేపలు తెచ్చిన రోజున ఆ స్పాంజిని అలాగే తీసి టబ్బులో పెట్టి ఎయిర్ పంపు తగిలిస్తే, టబ్బు మొదటి రోజు నుంచే పని చేస్తుంది. స్పాంజిని కుళాయి నీళ్ళ కింద కడగకండి. మున్సిపల్ నీళ్ళ క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది. ట్యాంకు నుంచి తీసిన నీళ్ళలోనే పిండి కడగాలి.

ఇంతలోనే తెచ్చేశారు, స్పాంజ్ సిద్ధంగా లేదు అంటే, పెద్ద ట్యాంకు ఫిల్టర్ లోపలి దూది ముక్క కొంత కోసి టబ్బు ఫిల్టర్లో కుక్కండి. మేత తగ్గించండి. క్లోరిన్ తీసిన, అంతే వేడి ఉన్న నీళ్ళతో రోజూ మూడో వంతు మార్చండి. అమ్మోనియా పరీక్షించే చుక్కల కిట్ ఒకటి ఇంట్లో ఉంటే చేప ప్రవర్తన చూసి ఊహించాల్సిన అవసరం ఉండదు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. ఇక్కడ ‘కొంచెం’ అనేది మంచి అంకె కాదు.

చేప వచ్చిన కవర్‌ను టబ్బు నీళ్ళలో ఎంతసేపు తేలేయాలి? అందులోని నీళ్ళు పోయొచ్చా?

నీళ్ళు పోయొద్దు. జబ్బు చేప ఒంటి మీదే కాదు, ఆ నీళ్ళలోనూ వస్తుంది.

దగ్గరి దుకాణం నుంచి అరగంటలో తెచ్చిన చేప అయితే కవర్‌ను మూసి ఉంచే పావుగంట ఇరవై నిమిషాలు తేలేసి, తర్వాత కప్పు చొప్పున టబ్బు నీళ్ళు కలుపుతూ ఇంకో అరగంట అలవాటు చేయొచ్చు. కొరియర్‌లో ఒకటి రెండు రోజులు ప్రయాణం చేసిన కవర్ సంగతి వేరు. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ కవర్లో పీహెచ్ పడిపోయి ఉంటుంది, అందుకే పేరుకున్న అమ్మోనియా విషంగా మారకుండా ఆగి ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పైకి లేస్తుంది, అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. అలాంటి కవర్‌ను మూసి ఉంచే వేడి సమం చేసి, విప్పిన వెంటనే చేపను వలతోనో చేత్తోనో టబ్బులోకి మార్చేయాలి. ఇంటర్నెట్‌లో చెప్పే రెండు గంటల చుక్క చుక్క పద్ధతి ఇక్కడ ఉపకారం కంటే అపకారమే చేస్తుంది.

మొదటి రోజు మేత వేయకండి, లైటూ వేయకండి.

జబ్బు ఉన్నా లేకపోయినా ముందుగానే అన్ని మందులూ వేసేస్తే సరిపోదా?

కొందరు అలాగే చేస్తారు. నేను చేయను. అలసిపోయి వచ్చిన చేపకు మొదటి రోజే మూడు నాలుగు మందుల నీళ్ళు పోయడం నాకు సరిగ్గా తోచలేదు. మిథిలీన్ బ్లూ ఫిల్టర్ బ్యాక్టీరియానూ చంపుతుంది, అప్పుడు పైన చెప్పిన అమ్మోనియా బాధ మళ్ళీ మొదటికొస్తుంది. మాలకైట్ గ్రీన్ ఉన్న మందులను లోచ్‌లు, క్యాట్‌ఫిష్‌లు, చిన్న టెట్రాలు సరిగ్గా తట్టుకోలేవు. వాటికి మోతాదు తగ్గించాలి, మనమూ గ్లౌజులు వేసుకోవాలి. ఇక మందుల షాపులో దొరికిన యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి నీళ్ళలో కలపడం. ఇది దయచేసి చేయకండి. ఏ బ్యాక్టీరియాయో తెలియకుండా వేసిన యాంటీబయాటిక్ చేపను బతికించకపోగా, మందుకు లొంగని సూక్ష్మజీవులను తయారు చేస్తుంది. ఆ నీళ్ళు చివరికి మన కాలవల్లోకే పోతాయి.

క్వారంటైన్‌లో అసలు పని చూడటం, నీళ్ళు శుభ్రంగా ఉంచడం, బాగా తినిపించడం. చాలా చేపలు ఏ మందూ లేకుండానే నాలుగు వారాలు పూర్తి చేసుకుని వెళ్తాయి.

నేను ఒప్పుకునే మినహాయింపు పురుగుల మందు. చెరువుల్లో పెరిగి వచ్చిన గోల్డ్ ఫిష్, కోయి, అడవి నుంచి పట్టి తెచ్చిన చేపలు, తింటున్నా పొట్ట లోపలికి పీక్కుపోతున్న చేపలు, వీటికి ప్రాజిక్వాంటెల్ ఇవ్వడంలో అర్థం ఉంది. మొప్పల పురుగులు, బద్దె పురుగులు దానికి లొంగుతాయి. గుడ్లను అది చంపలేదు కాబట్టి ఒకటి రెండు వారాల తేడాతో మళ్ళీ వేయాలి.

ఉప్పు వేస్తే మంచిదంటారు. ఎంత వేయాలి?

తెల్ల చుక్కలకు లీటరుకు 2 నుంచి 3 గ్రాములు. మామూలు కల్లుప్పు చాలు. 40 లీటర్ల టబ్బుకు 2 గ్రాముల లెక్కన 80 గ్రాములు. ఒకేసారి పోయకుండా మగ్గు నీళ్ళలో కరిగించి, ఒకటిన్నర రోజులో మూడు నాలుగు విడతలుగా కలపాలి. ఉప్పు ఆవిరై పోదు. ఆవిరైన నీళ్ళ బదులు మామూలు నీళ్ళే పోయాలి, తీసేసిన నీళ్ళ మేరకే మళ్ళీ ఉప్పు కలపాలి. ఇది మరిచిపోయి ప్రతిసారీ గుప్పెడు వేసేవాళ్ళ టబ్బు రెండు వారాల్లో ఉప్పునీటి కయ్య అవుతుంది. గప్పీలు, మోలీలు, గోల్డ్ ఫిష్ ఉప్పును బాగా తట్టుకుంటాయి. కోరిడోరస్ క్యాట్‌ఫిష్‌లకు, లోచ్‌లకు తక్కువతో మొదలుపెట్టి గమనిస్తూ ఉండాలి. ఏ కారణమూ లేకుండా ఎప్పుడూ ఉప్పు వేసి ఉంచడం వల్ల లాభం లేదు.

రోజూ ఏం చూడాలి?

మేత వేసే వేళే చూడండి. ఏ చేప ముందు వస్తోంది, ఏది రావడం లేదు, ఏది నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తోంది. రెక్కలు విప్పి ఉన్నాయా, ఒంటికి అంటుకున్నాయా. పైపుకు, గోడకు ఒళ్ళు రుద్దుకుంటోందా. మొప్పలు రెండూ ఒకే వేగంతో ఆడుతున్నాయా. ఒకటి మూసుకుని ఇంకొకటే ఆడుతుంటే మొప్పల పురుగుల మీద అనుమానపడాలి. మలం తెల్లగా జిగురు దారంలా సాగుతుంటే పేగుల్లో ఏదో ఉందని. నీటి పైకి వచ్చి గాలి మింగుతుంటే ముందు అమ్మోనియా, ఆక్సిజన్ చూడండి, తర్వాతే జబ్బు.

రాత్రి లైట్లు తీసి టార్చి పక్కనుంచి వేసి చూడటం ఒక మంచి అలవాటు. వెల్వెట్ జబ్బు పగటి వెలుగులో కనబడదు, టార్చి వెలుగులో ఒంటి మీద పసుపు బంగారు పొడి చల్లినట్టు మెరుస్తుంది. ఫైటర్ చేపల్లో ఇది ఎక్కువ. చూసినదంతా తేదీ వేసి నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకోండి. ‘నిన్న కూడా ఇలాగే ఉందా?’ అన్న ప్రశ్నకు జ్ఞాపకం సరైన జవాబు చెప్పదు.

తెల్ల చుక్కలు కనబడ్డాయి. ఇప్పుడేం చేయాలి?

ముందుగా, ఇది మన రొయ్యల రైతులు భయపడే తెల్ల మచ్చల జబ్బు కాదు. అది వైరస్, రొయ్యలకు వచ్చేది. చేపల్లో తెల్ల చుక్కలు తెచ్చే ఇక్ ఒక ఏకకణ జీవి, దీనికి చికిత్స ఉంది.

దాని జీవితం తెలిస్తే చికిత్స అర్థమవుతుంది. చేప చర్మం కింద తింటూ పెరిగేటప్పుడు అది మనకు తెల్ల చుక్కగా కనిపిస్తుంది, ఆ దశలో నీళ్ళలో వేసిన మందు దానికి తగలదు. పెరిగాక చర్మం చీల్చుకుని రాలి, అడుగున గూడు కట్టుకుని లోపలే చీలుతుంది. ఒక్కొక్క గూటి నుంచి వందల పిల్లలు, ఒక్కోసారి వెయ్యి దాకా ఈదుకుంటూ బయటికి వస్తాయి. రెండు మూడు రోజుల్లో చేప దొరక్కపోతే అవి చస్తాయి. మందు, ఉప్పు పనిచేసేది ఈ ఈదే దశ మీదే. చుక్కలు మాయమైన రోజున జబ్బు పోయినట్టు కాదు, అవి రాలి అడుగున పొదుగుతున్నాయి. చాలామంది సరిగ్గా ఆ రోజే మందు ఆపేస్తారు. చివరి చుక్క పోయాక ఇంకో పది రోజులైనా చికిత్స సాగాలి. రోజూ టబ్బు అడుగును గొట్టంతో పీల్చి తీసేస్తే సగం గూళ్ళు ఆ నీళ్ళతోనే పోతాయి. గులకరాళ్ళు వద్దన్నది ఇందుకు కూడా.

వేడి పెంచడం ఇంకో మార్గం. 30 డిగ్రీల దగ్గర ఈ పరాన్నజీవి చాలావరకు పెరగలేదు. గంటకు ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా పెంచాలి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలి ఎక్కువ కొట్టించాలి. గోల్డ్ ఫిష్ లాంటి చల్లటి నీటి చేపలకు ఈ పద్ధతి వద్దు. మన దగ్గర మే నెలలో టబ్బు నీళ్ళు వాటంతట అవే 30 దాటుతాయి, డిసెంబరు రాత్రుల్లో హైదరాబాద్‌లో 20–22కి పడిపోతాయి. ఇక్ మనవాళ్ళకు ఎక్కువగా చలికాలంలో ఎదురవడానికి ఇదొక కారణం.

ఒక్క హెచ్చరిక. నోటి చుట్టూ తెల్ల దూదిలా, వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన మచ్చలా కనిపిస్తే అది ఇక్ కాదు, బూజు కూడా కాకపోవచ్చు. కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా అలాగే ఉంటుంది. దానికి వేడి పెంచితే ఇంకా వేగంగా చంపుతుంది. హీటర్ ముట్టుకునే ముందు ఏ జబ్బో తేల్చుకోండి.

గప్పీల వెనక ఎర్ర దారాలు వేలాడుతున్నాయి.

కెమల్లానస్ పురుగులు. ప్రాజిక్వాంటెల్‌కు ఇవి చావవు. పశువుల మందుల షాపులో దొరికే లెవమిసోల్ కావాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల అసలు మందు పడేలా లెక్క కట్టి, చీకటిగా ఉంచి, మర్నాడు అడుగు పీల్చి నీళ్ళు మార్చాలి. రెండు మూడు వారాలకు మళ్ళీ ఒకసారి. సీసా మీద రాసిన శాతాన్ని బట్టి లెక్క మారుతుంది, పశువైద్యుణ్ణి అడిగి చేయడం మంచిది.

మా ఆస్కార్ చేపకు మేతగా బతికున్న గప్పీలు వేస్తున్నాను. వాటికీ క్వారంటైనా?

వాటికి అందరికంటే ముందు. మేత చేపలను దుకాణంలో అన్నిటికంటే ఇరుకుగా, అన్నిటికంటే నిర్లక్ష్యంగా ఉంచుతారు. నెల రోజులు కాపాడిన చేపల ట్యాంకులో వారం వారం అలాంటివి వేయడం అంటే ముందు తలుపుకు తాళం వేసి వెనక తలుపు తీసి ఉంచడమే. ఆస్కార్‌లు, ఫ్లవర్ హార్న్‌లు గింజ మేతకూ, గడ్డకట్టించిన రొయ్యలకూ బాగానే అలవాటు పడతాయి. మురుగు కాలవల్లో పట్టి అమ్మే ట్యూబిఫెక్స్ పురుగుల సంగతీ ఇంతే.

మొక్కలు, నత్తలు, రొయ్యలు?

వీటికి చేపల జబ్బు రాదు గానీ, చేపల తొట్టి నుంచి వచ్చినవైతే పరాన్నజీవి గూళ్ళు ఆకులకు, చిప్పలకు అంటుకుని రావచ్చు. చేపలు లేని బకెట్లో రెండు వారాలు ఉంచితే చేప దొరక్క చస్తాయి. ఆ బకెట్లో రాగి ఉన్న మందు వేయకండి. నత్తలూ రొయ్యలూ చస్తాయి.

కొత్త ట్యాంకు పెట్టాను, మొదటి చేపలు ఇవే.

అయితే ఆ ట్యాంకే క్వారంటైన్. అన్నీ ఒకే రోజు, ఒకే దుకాణం నుంచి వచ్చినవైతే విడిగా పెట్టి కాపాడాల్సిన పాత చేపలు లేవు. రెండో విడత నుంచి మొదలుపెట్టండి.

దుకాణంవాళ్ళు ‘మేము క్వారంటైన్ చేసే అమ్ముతాం’ అన్నారు. నమ్మొచ్చా?

కొందరు నిజంగానే చేస్తారు, వాళ్ళ దగ్గర కొంచెం ధర ఎక్కువైనా కొనడం మంచిదే. ఏ తేదీన సరుకు దిగింది, ఎన్నాళ్ళు ఉంచారు, ఏ మందు వాడారు, తొట్లకు ఫిల్టర్లు విడివిడిగా ఉన్నాయా అని అడగండి. నిజంగా చేసేవాళ్ళు ఓపిగ్గా చెప్తారు. మేత వేసి చూపించమనండి. అదే తొట్టిలో ఒక్క చచ్చిన చేప ఉన్నా ఆ రోజు కొనకండి. ఇదంతా చేసినా ఇంటి టబ్బు మాత్రం మానొద్దు.

వల, బకెట్ వేరుగా ఉండాలా?

ఉండాలి. టబ్బు వల మీద ఎర్ర దారం కట్టుకోండి. ఏ రోజైనా ముందు పెద్ద ట్యాంకు పని ముగించి, తర్వాతే టబ్బు ముట్టుకోండి. వాడిన వల ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. చేతికి గాయం ఉంటే నీళ్ళలో పెట్టకండి. మైకోబ్యాక్టీరియం మారినం అనే చేపల క్షయ సూక్ష్మజీవి గాయం గుండా మనిషి చర్మానికీ సోకుతుంది, నెలల తరబడి మానని బొడిపెలు వస్తాయి. అలాంటివి ఏర్పడితే డాక్టరుకు ‘నేను చేపలు పెంచుతాను’ అని తప్పక చెప్పండి.

సముద్రపు చేపలకు కూడా నాలుగు వారాలేనా?

వాటికి ఇది ఇంకా ముఖ్యం. అక్కడ తెల్ల చుక్కలు తెచ్చేది వేరే జీవి, క్రిప్టోకార్యాన్. పగడాలున్న ట్యాంకులోకి అది వచ్చిందంటే దానికి వాడే రాగి మందు వేయలేం, ఎందుకంటే పగడాలు చస్తాయి. చేపలన్నిటినీ బయటికి తీసి ట్యాంకును ఖాళీగా ఉంచాల్సి వస్తుంది. అనుభవజ్ఞులు పాటించే లెక్క 76 రోజులు. ముందే ఒక నెల ఆగడం దానికంటే సులువు.

ఇదంతా అతి జాగ్రత్త కాదా? ఊళ్ళో ఎవరూ చేయరు.

మన కోస్తా రొయ్యల రైతులను అడగండి. 1990ల మధ్యలో తెల్ల మచ్చల వైరస్ టైగర్ రొయ్యల చెరువులను తుడిచిపెట్టినప్పుడు నెల్లూరు వైపు ఎన్ని కుటుంబాలు అప్పుల్లో పడ్డాయో వాళ్ళకు గుర్తుంది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక, విదేశాల నుంచి తెచ్చే తల్లి రొయ్యలు చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రం దాటి పరీక్షలు అయ్యాకే హ్యాచరీలకు చేరే ఏర్పాటు చేశారు. అంత పెద్ద వ్యాపారం తన చెరువుల కోసం చేసే పనే మనం నాలుగడుగుల ట్యాంకు కోసం చేస్తున్నాం.

చనిపోయిన చేపను, వద్దనుకున్న చేపను కాలవలో వేయొచ్చా?

వద్దు. చచ్చినదాన్ని మట్టిలో లోతుగా పాతిపెట్టండి. టబ్బు నీళ్ళు బాత్రూంలో పోయండి, చెరువులో కాదు. కృష్ణా నీళ్ళలో ఇప్పుడు వలలు చింపుతూ జాలర్లను బాధపెడుతున్న సక్కర్ చేప, డెవిల్ ఫిష్ అంటారు, అక్వేరియంల నుంచి బయటపడిందే. బతికి ఉన్న చేప వద్దనుకుంటే దుకాణానికి తిరిగివ్వండి, లేదా పెంచేవాళ్ళకు ఇవ్వండి.

నాలుగు వారాలు అయ్యాయి. ఎలా మార్చాలి?

చివరి వారంలో పెద్ద ట్యాంకు నీళ్ళు రోజూ ఒక మగ్గు టబ్బులో పోస్తూ రండి. టబ్బు నీళ్ళు మాత్రం అటు పోయొద్దు. కొత్త చేప పాతవాటి నీళ్ళకు అలవాటు పడుతుంది, పాత చేపలు మోస్తూ తాము నలగని సూక్ష్మజీవులు ఏవైనా ఉంటే వాటి ప్రభావమూ అక్కడే తెలుస్తుంది. కోయి, గోల్డ్ ఫిష్ పెంచేవాళ్ళలో కొందరు పాత చేప ఒకదాన్ని టబ్బులోకి తెచ్చి రెండు వారాలు కలిపి ఉంచుతారు. కోయి హెర్పీస్ లాంటి వైరస్‌లను బయటికి ఏ లక్షణమూ లేకుండా మోసే చేపలు ఉంటాయి, వాటిని పట్టుకోవడానికి ఇంట్లో చేయగలిగింది అదే. పాత చేపల్లో ఒకదాన్ని అలా పణంగా పెట్టడానికి నాకు ఇప్పటికీ మనసు రాలేదు.

మార్చే రోజు సాయంత్రం పెద్ద ట్యాంకు లైటు తీసేయండి. లోపలి రాళ్ళు, మొక్కలు కొంచెం అటూ ఇటూ మార్చితే పాత చేపల హద్దుల తగాదా తగ్గుతుంది. వలతో కాకుండా డబ్బాతో చేపను నీళ్ళతో సహా పట్టి, నీళ్ళు వంపేసి చేపను వదలండి. టబ్బులో జబ్బేమీ రాకపోతే స్పాంజ్ ఫిల్టర్‌ను మళ్ళీ పెద్ద ట్యాంకు మూలకు చేర్చండి, వచ్చేసారికి సిద్ధంగా ఉంటుంది. జబ్బు వచ్చి ఉంటే మాత్రం దాన్ని పారేయండి, టబ్బును కడిగి రెండు మూడు రోజులు మేడ మీద ఎండలో బోర్లించండి, కొత్త స్పాంజ్ కొని ఆ రోజే పెద్ద ట్యాంకులో పెట్టండి.